వేషం లోపల ఎవరున్నారు?

(జూన్‌లో ఒక ఆదివారం సాయంత్రం, తిరుపతిలో మా అపార్ట్‌మెంట్ మేడ మీద హాల్లో జరిగిన ప్రసంగం ఇది. మాట్లాడినాయన డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరైన మాస్టారు. రాలేకపోయినవాళ్లు అడిగితే, ఫోన్లో రికార్డు చేసినది విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాది ఆయన అన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడతా ఉందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, లేకపోతే నాకంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది. ఆ, ఇప్పుడు బాగుంది.

పోయిన నెల జాతర అయింది కదా, మన గంగమ్మ జాతర. ఈ హాల్లో ఎంతమంది వేషం వేశారు? చేతులెత్తండి. నలుగురేనా? నాకు తెలిసి ఇంకా ఉన్నారు, సిగ్గుపడతా ఉన్నారు. నేను చిన్నప్పుడు ఒకసారి బైరాగి వేషం వేశా. ఒళ్లంతా తెల్ల సుద్ద పూసుకుని వీధిలోకి వస్తే మా సొంత మేనత్త నన్ను గుర్తుపట్టలేదు, పైగా దండం పెట్టింది. పదేళ్ల పిల్లోడికి ఒక పెద్దావిడ దండం పెడితే ఎట్లా ఉంటుంది? నాకు ఇప్పటికీ గుర్తే. ఆ రోజు సాయంత్రం దాకా నేను నిజంగానే బైరాగిలాగా నడిచా, బైరాగిలాగా కూర్చున్నా, ఇంట్లో అన్నం కూడా గంభీరంగా తిన్నా.

జాతర కథ మీకు నేను చెప్పక్కర్లేదు, అయినా పిల్లలు ఉన్నారు కాబట్టి రెండు ముక్కలు. పాలెగాడు ఒకడు ఊళ్లో ఆడపిల్లల్ని బతకనిచ్చేవాడు కాదు. అవిలాలలో పెరిగిన గంగమ్మ వాడికి బుద్ధి చెప్పబోతే పారిపోయి దాక్కున్నాడు. ఆ తల్లి రోజుకో వేషం వేసుకుని వెతికింది. బైరాగి వేషం వేసింది, బండ వేషం వేసింది, తోటి వేషం వేసింది, వాడు బయటికి రాలేదు. దొర వేషంలో వస్తే, ఎవరో దొరగారు వచ్చాడనుకుని వాడే బయటికొచ్చాడు. అంతే, అయిపోయాడు. వాడు చూసింది దేన్ని? వేషాన్ని. లోపల ఉన్నది ఎవరో, ఎందుకొచ్చిందో చూడలేదు.

ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఇదే, ఇంతకుమించి పెద్ద సంగతి ఏమీ లేదు. మనం ఇంగ్లీషులో పర్సనాలిటీ అంటాం కదా, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? పర్సోనా అనే లాటిన్ మాట నుంచి. పాతకాలం నాటకాల్లో మొహానికి పెట్టుకునే ముసుగు అది. అంటే పర్సనాలిటీ అంటేనే వేషం! యుంగ్ అని స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన కూడా ఈ మాటను అట్లాగే వాడాడు, మనిషి నలుగురి ముందుకీ వేసుకుని వచ్చే మొహం అని. మరి మనం ఏం చేస్తా ఉన్నాం? ఫోన్లో పది నిమిషాల టెస్టు రాసి, ఆ వేషానికి ఒక పేరు తెచ్చుకుని, ఇదే నేను అని స్టేటస్ పెట్టుకుంటా ఉన్నాం.

మా మేనల్లుడు ఒకడున్నాడు. ఒక కంపెనీలో చేరిన కొత్తల్లో వాడి చేత టెస్టు రాయించారు. నాలుగు అక్షరాలు వచ్చాయి. మొదటి అక్షరం 'ఐ'. ఇంట్రోవర్ట్ అన్నమాట, అంటే నలుగురిలో కలవకుండా తనలో తాను ఉండేవాడు. అప్పటి నుంచి వాడు పదిమంది ముందు మాట్లాడమంటే "నేను ఇంట్రోవర్ట్ మామా, నాకు కుదరదు" అంటాడు. అరే, మొన్నటిదాకా వినాయక చవితి పందిట్లో మైకు వదలనోడివి నువ్వు! ఒక్క అక్షరం వచ్చి వాడి నోరు మూయించేసింది.

ఆ టెస్టు పేరు ఎంబీటీఐ. దాని కథ కొంచెం చెప్తా, బాగుంటుంది. క్యాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్ అని అమెరికాలో తల్లీకూతుళ్లు తయారుచేశారు దాన్ని. ఇద్దరిలో ఎవరూ సైకాలజీ చదివి డిగ్రీ పట్టా పుచ్చుకున్నవాళ్లు కాదు. యుంగ్ 1921లో మనుషుల రకాల మీద ఒక పుస్తకం రాశాడు, దాన్ని పట్టుకుని ఆలోచిస్తా పోయారు. రెండో ప్రపంచయుద్ధం టైములో ఆడవాళ్లు పెద్దఎత్తున పనుల్లోకి వస్తా ఉంటే, ఎవరికి ఏ పని సరిపోతుందో చెప్పాలని కూతురు దీన్ని ప్రశ్నల రూపంలోకి తెచ్చింది. ఉద్దేశం మంచిదే, నేను కాదనను. ఇబ్బంది ఎక్కడంటే, అది మనుషుల్ని మధ్యలో గీత గీసి రెండుగా చీలుస్తుంది. ఇటు ఇంట్రోవర్ట్, అటు ఎక్స్‌ట్రావర్ట్. మనుషులు అట్లా ఉంటారా? ఈ హాల్లో ఉన్నవాళ్లను పొడుగు, పొట్టి అని రెండు వరసల్లో నిలబెట్టమంటే ఏం చేస్తాం? ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. గీతకు అర అంగుళం ఇటున్నాయన, అర అంగుళం అటున్నాయన పక్కపక్కనే ఉన్నా ఒకాయన పొట్టి, ఇంకొకాయన పొడుగు అయిపోతారు. అందుకే కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి ఇంకో టైపు వస్తుంది. ఇంకో విషయం చెప్పనా? ఈ టెస్టు నడిపే కంపెనీవాళ్లే దీన్ని ఉద్యోగాల్లోకి తీసుకోవడానికి వాడొద్దంటారు. వాళ్లే వద్దంటా ఉంటే మనవాళ్లు వింటారా?

సరే. అయినా ఆ టెస్టు రాసినప్పుడు "అబ్బ, అచ్చం నా గురించే రాసినట్టుంది" అనిపిస్తుంది కదా? ఎందుకనిపిస్తుంది?

1948లో బర్ట్రమ్ ఫోరర్ అని ఒక అమెరికన్ సైకాలజీ మాస్టారు తన క్లాసులో 39 మంది పిల్లలకు ఒక పరీక్ష పెట్టాడు, మీ స్వభావం చెప్తానని. వారం తర్వాత ఒక్కొక్కరికీ ఒక్కో కాగితం ఇచ్చాడు, ఇది నీ గురించి రాసింది, ఎంత సరిపోయిందో 5కి మార్కులు వెయ్యమన్నాడు. సగటున 4.26 వేశారు. తర్వాత చూస్తే ఏముంది, అందరి కాగితాల్లోనూ ఒకటే రాతలు! చాలావరకు బజార్లో దొరికే జాతకాల పుస్తకం నుంచి ఏరుకున్న వాక్యాలు. నలుగురూ నిన్ను మెచ్చుకోవాలని నీకుంటుంది, తీసుకున్న నిర్ణయం సరైనదా కాదా అని ఒక్కోసారి అనుమానం వస్తుంది, ఇట్లాంటివి. ఎవరికి రాదప్పా అనుమానం? చెరువుగట్టున చిలక జోస్యం చెప్పేవాడు ఏం చెప్తాడు, "నువ్వు పదిమందికి సాయం చేస్తావు సామీ, నీకు మాత్రం ఎవరూ చేయరు." మా నాన్న ప్రతిసారీ ఆ మాటకు తల ఊపేవాడు. నేనూ ఊపా. మీరూ ఊపుతారు.

కాబట్టి "నా గురించే రాసినట్టుంది" అనిపించడం రుజువు కాదు. ఇది ముందు గుర్తుపెట్టుకుంటే నేను చెప్పబోయేది మీకు హాని చేయదు. నేను చెప్పేదానికి కూడా ఇదే వర్తిస్తుంది, నన్ను వదిలేయొద్దు.

మరి నమ్మకంగా కొలిచేది ఏదీ లేదా అంటే, ఉంది. పరిశోధన చేసేవాళ్లు ఇప్పుడు ఎక్కువగా వాడేది బిగ్ ఫైవ్ అంటారు. కొత్తదాని మీద ఆసక్తి, పనిలో క్రమం, నలుగురిలో కలిసే గుణం, సర్దుకుపోయే గుణం, ఊరికే ఆందోళన పడే గుణం, ఈ ఐదూ ఎంతెంత ఉన్నాయో చూస్తారు. టైపులు ఉండవు, గీతలు ఉండవు, ఎత్తు బరువు కొలిచినట్టు కొలుస్తారు. మంచి పద్ధతి. నేను క్లాసులో ఏళ్లతరబడి ఇదే చెప్పా. కానీ చెప్తా చెప్తా నాకు ఒకటి వెలితిగా ఉండేది. నువ్వు ఎట్లా ఉంటావో అది చెప్తుంది. ఎందుకు అట్లా ఉంటావు? అది చెప్పదు.

ఎందుకు అనేదాంట్లో ఎంత తేడా ఉంటుందో చూడ్డానికి మన ఊరి మెట్ల దగ్గరికి పోదాం. అలిపిరి నుంచి కొండ మీదికి మూడున్నర వేల మెట్లు. ఒకే వీధివాళ్లు, ఒక తొమ్మిదిమంది, తెల్లవారుజామున బయల్దేరారనుకోండి. అందరూ ఎక్కేది ఒకే మెట్లు. అందరూ గోవిందా అంటారు. పక్కన నిలబడి చూసేవాడికి తొమ్మిదిమంది భక్తులు, అంతే.

ఒకావిడ అందరి సంచులూ తనే మోస్తా ఉంటుంది. నీళ్ల సీసా అందిస్తుంది, గ్లూకోజు కలుపుతుంది, నీకు కాళ్లు నొప్పా, నీకు తల నొప్పా అని అందర్నీ అడుగుతుంది. గాలిగోపురం దగ్గర అందరూ కూర్చుని టిఫిను తింటా ఉంటే ఒక పక్కకు పోయి ముభావంగా కూర్చుంటుంది. ఏమైంది వదినా అంటే ఏం లేదు అంటుంది. ఏం లేదు అంటే చాలా ఉంది అని అర్థం కదా! ఇంతసేపూ నేను అందర్నీ అడిగా, నువ్వు తిన్నావా అని నన్ను ఒక్కరన్నా అడిగారా, అదీ లోపల. ఆవిడ మోసింది సంచులు కాదండీ. నన్ను మీరు వదులుకోకూడదు అనే భయాన్ని మోసింది.

ఇంకొకాయన ఫోన్లో టైము పెట్టుకుని ఎక్కుతాడు. రెండు గంటల్లో ఎక్కేశా అని పైకి చేరకముందే ఫోటో పెట్టేస్తాడు. ఒకాయన మెట్టు మీద కవరు పారేసినవాడిని ఆపి మరీ ఎత్తిస్తాడు, అది మంచి పనే, కానీ ఆ కవరు ఆయన మనసులోంచి మోకాళ్ల పర్వతం దాకా పోదు. ఇంకొకాయన ఆ మోకాళ్ల పర్వతం కథ మొత్తం చెప్తాడు, రామానుజాచార్యులు కొండను కాళ్లతో తొక్కకూడదని మోకాళ్ల మీద ఎక్కారని, ఏ మండపం ఎవరు కట్టించారని, అన్నీ తెలుసు ఆయనకు, తన సంగతి తప్ప వేరేవన్నీ చెప్తాడు. ఒకావిడ దగ్గర టార్చి, బ్యాండేజీ, బీపీ మాత్రలు, చిరుత వస్తే కొట్టడానికి కర్ర. ఒక కుర్రాడు ఉప్పూ కారం వేసిన మామిడి ముక్కలు తింటా, వచ్చే నెల శ్రీవారి మెట్టు నుంచి పోదాం అంటాడు, ఇది ఇంకా పూర్తి కాలేదు నాయనా! ఒక పెద్దమనిషి ముందు నడుస్తా ఉంటాడు, మోకాలు పట్టేసింది, ప్రాణం పోతా ఉంది, అయినా చెయ్యి పట్టుకోనివ్వడు. ఒకమ్మాయి అందరికీ నాలుగు మెట్లు వెనకాల ఒంటరిగా వస్తుంది, వీళ్లకెవరికీ నాకు కలిగేది కలగదు అనుకుంటా. ఇంక తొమ్మిదో ఆయన. ఆయన్ని కూర్చుందామా అంటే కూర్చుందాం అంటాడు, నడుద్దామా అంటే నడుద్దాం అంటాడు. ఆయన గురించి తర్వాత చెప్తా. ఆయన నాకు బాగా దగ్గర.

నవ్వుతా ఉన్నారు. ఎవరెవరో గుర్తొచ్చారు కదా? ఆగండి. ఆ గుర్తుకురావడం గురించి కూడా తర్వాత చెప్తా.

ఈ తొమ్మిదిమందిని నేను ఊరికే చెప్పలేదు. ఎనియాగ్రామ్ అని ఒక పద్ధతి ఉంది. ఎనియా అంటే గ్రీకులో తొమ్మిది. ఒక వలయం, దానిమీద తొమ్మిది చుక్కలు, వాటిని కలిపే గీతలు. ఆ బొమ్మను గుర్జియెఫ్ అనే గురువు 20వ శతాబ్దం మొదట్లో పడమటి దేశాలకు పరిచయం చేశాడు, అయితే ఆయన దాన్ని మనుషుల రకాలకు వాడలేదు. ఒక్కో నంబరుకు ఒక్కో రకం మనిషిని పెట్టింది ఆస్కార్ ఇచాసో, బొలీవియా ఆయన. చిలీ దేశంలో ఆరికా అనే ఊళ్లో నేర్పించేవాడు. 1970లో క్లాడియో నరాంజో అని చిలీ సైకియాట్రిస్టు అక్కడికెళ్లి నేర్చుకుని, తనకు తెలిసిన సైకాలజీ అంతా దానికి జోడించి కాలిఫోర్నియాలో చిన్న చిన్న బృందాలకు చెప్పాడు. అక్కడి నుంచి క్రైస్తవ జెస్యూట్ ఫాదర్ల చేతికి పోయింది, తర్వాత లోకమంతా పాకింది. ఇది వేల ఏళ్ల నాటి రహస్య విద్య అని చెప్పేవాళ్లుంటారు. నమ్మకండి. తొమ్మిది రకాల మనుషుల లెక్క మా వయసుది, అంతే.

శాస్త్రం ముందు ఇది గట్టిగా నిలబడిందా అంటే, లేదు. బిగ్ ఫైవ్‌కు ఉన్నంత బలం దీనికి లేదు, సైకాలజీ చెప్పిన మనిషిగా ఈ మాట దాచి మాట్లాడితే తప్పు. మరి ఎందుకు చెప్తా ఉన్నావయ్యా అంటే, ఇది అడిగే ప్రశ్న నాకు నచ్చింది. నువ్వేం చేస్తావు అని అడగదు. దేనికి భయపడి చేస్తావు, ఏం కావాలని చేస్తావు అని అడుగుతుంది.

ఇది మనకు కొత్తేం కాదు. గీత 17వ అధ్యాయం తీయండి, దానం గురించి ఉంటుంది. ఇవ్వాలి కాబట్టి, తిరిగి ఏమీ చేయలేనివాడికి ఇస్తే సాత్వికం. తిరిగి ఏదో వస్తుందని ఇచ్చినా, లోపల ఏడుస్తా ఇచ్చినా రాజసం. తగని చోట, తగని వాడికి, చులకనగా విసిరేస్తే తామసం. మూడు చోట్లా చేతిలోంచి పోయింది అదే వంద రూపాయలు! చూసేవాడికి దానం ఒకటే. ఇచ్చేవాడికి మాత్రం మూడు రకాలు.

నేను పాఠం చెప్పేరోజుల్లో మొదటి బెంచీలో ముగ్గురు పిల్లలు ఉండేవాళ్లు. ముగ్గురూ బాగా చదివేవాళ్లు, ముగ్గురికీ దాదాపు ఒకటే మార్కులు. ఏ టెస్టు పెట్టినా ముగ్గురికీ పనిలో క్రమం అనే దాంట్లో పైన మార్కులే వచ్చేవి. నాకూ ముగ్గురూ ఒకటే. ఒక ఏడు ఒక పేపరు ముగ్గురికీ దెబ్బకొట్టింది. అప్పుడు తెలిసింది. ఒకడు జవాబు పత్రం ముందేసుకుని నా దగ్గరికొచ్చాడు, ఎక్కడ తప్పు చేశాను సార్, ఇక్కడా, ఇక్కడా అని, తిన్నాడో లేదో కూడా తెలీదు, తప్పు దొరికేదాకా వదల్లేదు. ఇంకొకడు వారం రోజులు కాలేజీకే రాలేదు. మార్కులు ఎంతొచ్చాయని ఎవరన్నా అడుగుతారేమోనని. మూడో అమ్మాయి ఏడుస్తా వచ్చింది, ఇప్పుడే ఇట్లా అయితే పీజీ సీటు వస్తుందా సార్, రాకపోతే ఇంట్లో పెళ్లి చేసేస్తారా సార్ అని.

చూడండి. మొదటివాడికి తన మీద తనకే కోపం. రెండోవాడికి సిగ్గు. మూడో పిల్లకు భయం. ఎనియాగ్రామ్‌లో తొమ్మిదిమందినీ ఈ మూడు గుంపులుగానే పెడతారు, కోపం చుట్టూ తిరిగేవాళ్లు ముగ్గురు, సిగ్గు చుట్టూ ముగ్గురు, భయం చుట్టూ ముగ్గురు. నేను ఆ రోజు తెలివితక్కువగా ముగ్గురికీ ఒకటే మాట చెప్పా, "పర్లేదు, వచ్చేసారి ఇంకా బాగా చదువు." ముగ్గురిలో ఎవరికీ అది పనికిరాలేదు. మొదటివాడికి ఇంకా బాగా చదవడం మందా, రోగమా? వాడికి కావాల్సింది, ఒక తప్పు ఉన్నా నువ్వు పనికిరాకుండా పోవు అని చెప్పే మనిషి. రెండోవాడికి, నీ మార్కులు తెలిసీ నీతో కలిసి టీ తాగే మనిషి. ఆ పిల్లకు ఓదార్పు మాటలు అక్కర్లేదు, సీటు రాకపోతే ఏం చేయొచ్చో కూర్చుని కాగితం మీద రాసిచ్చే మనిషి కావాలి. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, ఆ పిల్లలు వెళ్లిపోయాక.

అందుకే నేను చెప్పేది, మీ టైపు తెలుసుకోవాలంటే టెస్టు రాయొద్దు. టెస్టు రాసేటప్పుడు మనం మంచి బట్టలు వేసుకుని రాస్తాం. మీకు బాగా గొప్పగా అనిపించే గుణం ఒకటి తీసుకోండి. నలుగురూ మిమ్మల్ని మెచ్చుకునేది. నేను అందరికీ సాయం చేస్తా, నేను ఎవరి దగ్గరా చెయ్యి చాపను, నేను టైము తప్పను, ఇట్లా ఏదో ఒకటి. ఇప్పుడు అడగండి: ఇది ఒక్క నెల నేను చేయకపోతే నాకు ఏమవుతుంది? ఊరికి ఏమవుతుందని కాదండోయ్, మనం వెంటనే ఊరి మీదికి పోతాం, "నేను చేయకపోతే ఇంట్లో ఎవరు చేస్తారండీ" అని. నాకు ఏమవుతుంది? ఆ ప్రశ్న దగ్గర కడుపులో ఎక్కడో తిప్పినట్టు ఉంటే, అక్కడ ఆగండి. అదే చోటు.

సరే, తొమ్మిదో ఆయన గురించి చెప్తానన్నా కదా.

మాది బంగారుపాళెం పక్కన పల్లె. మా నాన్న పోయాక మేం అన్నదమ్ములం ఇద్దరం పొలం పంచుకున్నాం. బావి పక్కన ఉన్న తోటలో మా నాన్న చేత్తో నాటిన మామిడి చెట్లు ఉన్నాయి, బెంగళూరా రకం, తోతాపురి అన్నా అదే. నాకు ఆ తోట అంటే ప్రాణం. మా అన్న అన్నాడు, "బావి పక్కది నేను తీసుకుంటా రా, నీకు ఉద్యోగం ఉంది కదా." నేను ఏమన్నా? "సరేన్నా, నీ ఇష్టం." ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పంచాయితీకి వచ్చిన పెద్దమనుషులు నా భుజం తట్టి, తమ్ముడంటే ఇట్లా ఉండాలప్పా అన్నారు. నేను ఎంత పొంగిపోయానో! త్యాగం చేశాననుకున్నా. చాలా ఏళ్లు అట్లాగే అనుకున్నా.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. మా అన్న ఫోన్ చేస్తే ఎత్తడం మర్చిపోయేవాడిని. కావాలని కాదు, నిజంగా మర్చిపోయేవాడిని. మళ్లీ చేద్దాంలే అనుకుంటే వారం అయ్యేది. వాళ్లింట్లో ఏ శుభకార్యమైనా నేను ఆలస్యం. వాళ్ల అమ్మాయి పెళ్లికి తలంబ్రాలు అయిపోయాక చేరా. బస్సు లేటు అన్నా. బస్సు నిజంగానే లేటు, అబద్ధం కాదు, కానీ నేను ఎక్కింది ఎప్పుడో ఆఖరి బస్సు. ఇంటికొచ్చాక మా ఆవిడ అంది, "మీకు కోపమే రాదని ఊరంతా అనుకుంటారు. మీ కోపం ఆఖరి బస్సెక్కి వస్తాది."

ముప్పై ఏళ్లకు పైగా సైకాలజీ చెప్పా. ఏ పుస్తకంలోనూ నా గురించి ఇంత సరిగ్గా రాయలేదు.

నాకు నేను ఆ ప్రశ్న వేసుకున్నా. ఆ రోజు సరే అనకపోయి ఉంటే నాకేమవుతుంది? గొడవ అవుతుంది. గొడవైతే? మా అన్న మాట్లాడడు. నాన్న పోయాక నాకు ఉన్నది ఆయనొక్కడే. అదండీ. త్యాగం లేదు, పాడూ లేదు. ఉట్టి భయం. అన్న దూరమవుతాడని సరే అన్నా, ఆ సరే అన్న రోజు నుంచే నేను అన్నకు దూరమవుతా వచ్చా. ఎనియాగ్రామ్‌లో తొమ్మిదో రకం గురించి చెప్పేది ఇదే, కోపం గుంపులోనే ఉంటాడు, కానీ తన కోపం తనకే కనపడకుండా నిద్రపుచ్చుకుంటాడు. ఇది అచ్చం నా గురించే రాసినట్టుంది అనిపించింది. అప్పుడు ఫోరర్ గుర్తొచ్చాడు! అందుకని దాన్ని నమ్మలేదు, మా ఆవిడ మాటను నమ్మా. ఆవిడ దగ్గర లెక్కలు ఉన్నాయి, ఏ పెళ్లికి ఎన్ని గంటలు ఆలస్యమో.

పోయినేడు ఊరికి పోయి మా అన్నకు చెప్పా. ఆ తోట నాకు కావాలనుండేదన్నా అని. చెప్పడానికి మూడు రోజులు పట్టింది, రెండు రోజులు వానల గురించి, తోతాపురి ధరల గురించి, పల్ప్ ఫ్యాక్టరీలు ఎంతకు కొంటా ఉన్నాయని, అవే మాట్లాడా. చెప్పాక ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు, "నాకెట్ల తెలుస్తాది రా? నువ్వు సరే అంటివే." ఇందులో తప్పు పట్టడానికి ఏమన్నా ఉందా? లేదు. తోట ఆయన దగ్గరే ఉంది. నేను అడగలేదు, ఆయన ఇస్తాననలేదు. ఫోన్ చేస్తే మాత్రం ఇప్పుడు ఎత్తుతా ఉన్నా.

ఇంక ఆ గుర్తుకురావడం సంగతి. నేను మెట్లెక్కేవాళ్ల గురించి చెప్తా ఉంటే మీకు మీ అత్తగారు, మీ ఆడపడుచు, మీ మేనేజరు గుర్తొచ్చారు. మీరు గుర్తొచ్చారా? దయచేసి ఇక్కడి నుంచి ఇంటికెళ్లి "నువ్వు ఆ సంచులు మోసినావిడ రకం, రెండో నంబరు, అందుకే అలుగుతా ఉన్నావు" అని ఎవరినీ అనకండి. చేసే పని బయటికి కనపడుతుంది, ఎందుకు చేస్తారో బయటికి కనపడదు. అందర్నీ వేధించి పాలించిన పాలెగాడికే కనపడలేదు, మనకేం కనపడుతుంది? సంచులు మోసిన ఆవిడ గురించి నేను అంత ధీమాగా చెప్పా కదా, అదీ నేను అల్లిన మనిషి కాబట్టి చెప్పా. నిజం మనిషైతే ఆవిడ నిజంగా అందరికంటే బలంగా ఉండొచ్చు, ఊరికే మోయొచ్చు, గాలిగోపురం దగ్గర కడుపునొప్పి వచ్చి పక్కకు కూర్చుని ఉండొచ్చు. ఎదుటివాళ్ల సంగతి తెలియాలంటే ఒకటే దారి, అడగడం. అడిగాక వాళ్లు చెప్పింది వినడం. పెళ్లి సంబంధాలకు నంబర్లు అడిగే రోజు కూడా వస్తుందేమోనని నాకు భయం, నక్షత్రాలు చాలవా!

ఇంతే నేను చెప్పేది. ఏమన్నా అడగాలంటే అడగండి. టీ వచ్చేదాకా టైముంది.

(ఒక అబ్బాయి అడిగాడు: "సార్, మనిషి టైపు మారుతుందా?")

ఎనియాగ్రామ్ చెప్పేవాళ్లు మారదంటారు, అదే భయం ఉంటుంది, దాని పట్టు మాత్రం తగ్గుతుందంటారు. బిగ్ ఫైవ్ పరిశోధనలు చూస్తే, గుణాలు వయసుతో మెల్లగా కదులుతాయి. సగటున చూస్తే వయసు పెరిగేకొద్దీ జనం పనిలో కొంచెం కుదురుగా అవుతారు, కొంచెం సర్దుకుంటారు, ఆందోళన కాస్త తగ్గుతుంది. సగటున అన్నా, మీ నాన్నగారి గురించి చెప్పలేదు. నా సంగతి అడిగితే, ఇప్పటికీ ఎవరన్నా గట్టిగా మాట్లాడితే నా నోట్లోంచి ముందు "సరే" అనే వస్తుంది. ఇప్పుడు ఆ సరే తర్వాత ఒక గంటలో ఫోన్ చేసి, "నేను సరే అన్నా గానీ నాకు ఇష్టం లేదు" అని చెప్తా ఉన్నా. ఇంతకుముందు పన్నెండేళ్లు పట్టేది.

(ఒక అమ్మ అడిగింది: "మా పాపకు తొమ్మిదేళ్లు సార్, ఏ నంబరో ఎట్లా కనుక్కోవాలి?")

వద్దమ్మా. పిల్లలకు వద్దే వద్దు. మా మేనల్లుడు ఇరవై దాటాక అక్షరం తగిలించుకుంటేనే నోరు మూతపడింది. పాప ఏదన్నా మొండిగా చేస్తే, ఎందుకు చేశావు అని గట్టిగా అడగకండి, ఆ మాటకు తిట్టు అనే అర్థం ఉంది మన ఇళ్లల్లో. చేయకపోతే ఏమవుతుందనుకున్నావు నాన్నా అని అడిగి చూడండి. పిల్లలు చెప్తారు, మనకంటే తొందరగా చెప్తారు.

(ముందు వరసలో ఒక పెద్దావిడ: "నాయనా, నేను పెండ్లయినప్పటి నుంచి ఏడాదికోసారి మెట్లెక్కుతా ఉండా. మా అమ్మ ఎక్కేది, నేనూ ఎక్కుతా ఉండా. ఎందుకని ఎప్పుడూ అనుకోలేదు. ఇది ఏ నంబరు?")

అమ్మా, ఇది ఏ నంబరూ కాదు. నిజం చెప్తా ఉన్నా, నేను చెప్పిన తొమ్మిదిలో మీకు గడి లేదు. మనం చేసే ప్రతి పనికీ లోపల ఒక భయమో కోరికో ఉండాలని ఈ పద్ధతి అనుకుంటుంది, అది దీని లోపం. అమ్మ చేసింది కాబట్టి చేసేవి ఎన్నో ఉంటాయి. పచ్చడిలో మెంతులు ఎందుకేస్తావంటే ఏం చెప్తాం? ఒక్క సంగతి అడుగుతా, ఏమీ అనుకోకండి. ఈ ఏడు మోకాలు నొప్పి అని డాక్టరు వద్దంటే మానేస్తారా?

("మానను.")

మానితే ఏమవుతుంది?

("ఏమో నాయనా. అమ్మ గుర్తొస్తాది ఆడ, మెట్ల కాడ. ఈడ రాదు.")

సరేనమ్మా. టీ వచ్చినట్టుంది, ముందు ఆవిడకు ఇవ్వండి.